కీర్తనను రాసిన మనిషి

పోయిన వారం కొన్ని కాగితాలు జిరాక్సు తీయించుకోవాలని అమీర్‌పేటలో దిగాను. మెట్రో మెట్లు దిగి లోపలి సందులోకి తిరిగితే, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక చిన్న దుకాణం ఉంటుంది. అక్కడ మూలన కంప్యూటర్ ముందు ఆయన కూర్చుని ఉంటాడని తెలుసు కాబట్టే, దారిలో ఇంకో రెండు దుకాణాలున్నా దానికే వెళ్ళాను. కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు.

"ఇక్కడ టైపింగ్ చేసే పెద్దాయన లేరా అండీ?" అని అడిగాను.

దుకాణం యజమాని కాగితాలు సర్దుతూనే, "అన్ననా? పోయిండు మేడమ్. పదిహేను దినాలైతుంది. గుండె. గీ కుర్చీలనే ఒరిగిండు," అన్నాడు. తర్వాత తలెత్తి, "మీకేమైతడు?" అని అడిగాడు.

"కలిసి పనిచేశాం," అన్నాను. ఏం పని అని అతను అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పేదాన్ని.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేం చేసిన పని ఆయన ఇంట్లోవాళ్ళకి తెలియదు. పంజాగుట్టలో ఏదో కంపెనీకి ఉత్తరాలు టైపు చేస్తాడని ఆయన భార్య అనుకునేది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరం ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళం. సిరిసిల్ల మనిషి, వయసు యాభై దాటింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళు అమీర్‌పేటలోనే సొంతంగా డీటీపీ సెంటరు నడిపాడు. పెళ్ళికార్డులు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, దరఖాస్తులు. కార్డులు ఫోన్లలోకి వెళ్ళిపోయాక సెంటరు మూతపడింది. "ఎన్ని వందల జంటల పేర్లు పక్కపక్కన పెట్టిన చెల్లె! ఒక్క పేరుల ఒక్క ఒత్తు తప్పు పోలేదు," అని చెప్పుకునేవాడు. ఆయన గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే.

నేను తెనాలి నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగినదాన్ని. కోర్సు అయిపోయి ఏడాది తిరిగినా ఉద్యోగం రాలేదు. తెలుగు చక్కగా మాట్లాడే అమ్మాయిలు కావాలన్న ప్రకటన చూసి పంజాగుట్టలో ఆ మూడో అంతస్తు ఎక్కాను. మొదటి రోజే మేనేజర్ నన్ను తీసుకెళ్ళి అన్న పక్కన కూర్చోబెట్టి, "కీర్తనగారికి గొంతు కావాలి. మీది సరిపోతుంది," అన్నాడు.

"కీర్తన ఎవరండీ?" అని అడిగాను.

అన్న కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "నేనే చెల్లె," అన్నాడు.

అది డేటింగ్ యాప్‌కి అమ్మాయిలను తయారుచేసే ఆఫీసు. మగవాళ్ళు యాప్‌లో నాణేలు కొనుక్కోవాలి. అమ్మాయికి మెసేజ్ పంపిన ప్రతిసారీ నాణేలు కరుగుతాయి. ఆ అమ్మాయిలు ఎవరూ ఉండరు. ఉండేది మేము. రాసేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. అవతలి మనిషికి అనుమానం వచ్చి గొంతు వినిపించమంటే నేను మాట్లాడాలి. ఏం మాట్లాడాలో అన్న చిన్న కాగితం మీద రాసి నా వైపు జరిపేవాడు. అలా మేమిద్దరం కలిసి ఒక అమ్మాయి అయ్యాం. కీర్తన, ఇరవై ఆరేళ్ళు, ఎస్.ఆర్. నగర్ హాస్టల్.

స్క్రీన్ మీద కీర్తన ఫోటో ఉండే చోట అన్న ఒక పసుపు కాగితం ముక్క అంటించి పెట్టుకునేవాడు. ఆ ఫోటో ఎవరిదో, ఎక్కణ్ణుంచి తెచ్చారో మాకెవరికీ తెలియదు. ఒకసారి అడిగితే, "ఎవలి బిడ్డనో ఏమో. మొఖం చూసుకుంట గిట్ల రాయలేను," అన్నాడు.

మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలని, అక్కడక్కడా తప్పులు ఉండాలని మేనేజర్ నియమం. అప్పుడే నిజం అమ్మాయిలా ఉంటుందట. అన్నకి అది పెద్ద బాధ. తప్పు రాసి, దిద్దబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. "గీ తప్పులు రాస్తుంటే వేళ్ళు గుంజుతున్నయి చెల్లె," అనేవాడు. మోసం చేస్తున్నందుకు పడని బాధ అక్షరదోషానికి పడతాడేంటి అని మొదట్లో నవ్వుకున్నాను. ఆ బాధ చెప్పుకోవడానికి వీలైనది కాబట్టి చెప్పుకునేవాడని తర్వాత తెలిసింది.

ఆయన దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. అందులో కీర్తన ఏ రోజు ఏం తిన్నది, ఎవరితో గొడవపడింది, ఏ చెప్పు తెగింది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండేవి. పొద్దున నేను రాగానే మొదటి ప్రశ్న, "ఇయ్యాల మీ హాస్టల్ల ఏం కూర?" దొండకాయ అంటే ఆ రోజు కీర్తన కూడా దొండకాయే తినేది. మా గదిలో పిల్ల ఫ్యాను కోసం దెబ్బలాడితే కీర్తన గదిలో కూడా దెబ్బలాట. ఇంకో కుర్రాడు అన్న సెలవు రోజున కీర్తనగా రాసి, పల్లీపట్టి తింటున్నానని పెట్టాడు. మర్నాడు అన్న వాడి మీద ఎంత కోప్పడ్డాడో! "మొన్ననే పంటినొప్పి అన్నది కదరా! పల్లీపట్టి ఎట్ల కొరుకుతది? జర సోంచాయించవా?"

మధ్యాహ్నం డబ్బాలో అన్నం, పచ్చిపులుసు తెచ్చుకునేవాడు. మూతలో కొంచెం పోసి నా వైపు పెట్టేవాడు. తినేటప్పుడు స్క్రీన్ ఆపేవాడు. "ఆమెను సుత తిననీ," అనేవాడు. ఆ మాట పరాచికానికి అన్నాడో, నిజంగానే అన్నాడో నేను ఏ రోజూ తేల్చుకోలేకపోయాను.

కీర్తనతో మాట్లాడేవాళ్ళలో జగిత్యాల నుంచి ఒకతను ఉండేవాడు. ఇంటర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు, ముప్పై ఎనిమిదేళ్ళు. మాట్లాడేటప్పుడు నత్తి. పెళ్ళిచూపుల్లో నోరు విప్పగానే సంబంధం తప్పిపోయేదని అతనే రాశాడు. రాతలో నత్తి ఉండదు కదా, పేజీలు పేజీలు రాసేవాడు. గొంతు వినాలని అడిగినప్పుడు కూడా అతను మాట్లాడేవాడు కాదు. నేను చెబుతుంటే ఊపిరి వినిపించేది, అంతే.

ఆ ఎండాకాలం అతని తండ్రి చనిపోయాడు. పది రోజులు కీర్తన అతని పక్కనే ఉంది. తిన్నవా, అమ్మ తిన్నదా, ఎవరైనా తోడున్నరా, నాయన చెప్పులు ఇంకా గడప దగ్గరే ఉన్నయా, లోపల పెట్టినవా అని అడిగింది. నేను ఆ రాతలు చదివి అన్న వైపు చూశాను.

"గివి ఉత్తమాటలు గావు చెల్లె," అన్నాడు అన్న. "మా నాయన పోయిన్నాడు నన్నెవలు గిట్ల అడగకపోయిరి. నాకు అడిగితే బాగుండు అనుకున్నయే ఆయన్ను అడుగుతున్న."

ఆ పది రోజుల చాటింగ్ చూసి మేనేజర్ అన్న భుజం తట్టి, గది మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. అన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

తండ్రి కార్యం అయిపోయాక జగిత్యాలాయన రాయడం తగ్గించాడు. కలవకుండా ఎన్నాళ్ళు, ఇక నాకు చాతకాదు, మానేస్తాను అన్నాడు. మానేస్తానన్న మనిషిని ఎలా ఆపాలో ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. కలుద్దాం రమ్మనాలి. బయలుదేరాక, అమ్మమ్మకి సీరియస్‌గా ఉంది, ఊరెళ్ళిపోతున్నాను అని చెప్పాలి. ఆ జాలితో ఇంకో ఆరు నెలలు మాట్లాడతాడు. మేనేజర్ వచ్చి, "ఆదివారం రమ్మనండి అన్నా," అన్నాడు. అమీర్‌పేట మెట్రో పక్కన టిఫిన్ సెంటరుకి రమ్మని అన్న రాశాడు.

ఆదివారం పొద్దున జగిత్యాలాయన నుంచి మెసేజ్ వచ్చింది. బస్సు కరీంనగర్ దాటింది. అమ్మ సుత వస్తుంది. నిన్ను చూస్తనని ఒక్కటే పట్టు పట్టింది. కోపం చెయ్యకు.

అన్న అది రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకోలేదు. మేనేజర్ దూరం నుంచే, "అమ్మమ్మ మెసేజ్ పెట్టెయ్యండి," అన్నాడు. అన్న లేచి నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"నాతోని రా చెల్లె. ముసలామె అంత దూరం కెళ్ళి వస్తున్నది. నేనొక్కణ్ణి పోతే ఎవడో గుండాగాడనుకుంటరు."

"వెళ్ళి ఏం చెబుతావన్నా?"

"పిల్లకు మేనమామను అని చెప్త. వేరే సంబంధం ఖాయమైందని చెప్త. ఏడుస్తడు, తిడతడు, పోతడు. మళ్ళ రాయడు." కాస్త ఆగి, "నువ్వు మాత్రం నోరు తెరవకు. గొంతు గుర్తువడతడు," అన్నాడు.

అమ్మమ్మ మెసేజ్ పెట్టకుండానే, తలనొప్పి అని ఒకరు, టిఫిన్‌కి అని ఒకరు చెప్పి బయటపడ్డాం. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో స్తంభాల పక్కన నడిచాం. దారి పొడుగునా అన్న తనలో తనే మాటలు కూర్చుకుంటూ, తలాడిస్తూ, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతూ నడిచాడు. పది పదకొండు గంటల ఎండ. నేను జగిత్యాలాయన అమ్మ ఎలా ఉంటుందో ఊహించుకోకుండా ఉండాలని ప్రయత్నిస్తూ నడిచాను.

టిఫిన్ సెంటర్లో వాళ్ళని గుర్తుపట్టడం కష్టం కాలేదు. అతను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, బస్సులో నలిగిపోయింది. పక్కన తల్లి. ఒళ్ళో ఒక కవరు, అందులో చీర. అన్న తనను మేనమామగా చెప్పుకున్నాడు. నన్ను కీర్తన స్నేహితురాలు అన్నాడు. ఆమె మొహం విప్పారింది.

"కూసోండ్రి అన్నా. పిల్ల తయారైతున్నదా?" అంది. మేం జవాబు చెప్పేలోపే కవరులోంచి గాజులు తీసింది. "చెయ్యి ఎంతుంటదో తెల్వకపాయె. మా వాడు అడుగమంటే సిగ్గుపడుడు. అందుకనే మూడు సైజులు తెచ్చిన. నీ అంతనే ఉంటదా బిడ్డా ఆ పిల్ల?" అని నా మణికట్టు పట్టుకుని చూసింది.

అన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను చెప్పేది జర వినుండ్రి..." అని మొదలుపెట్టాడు. ఆమె ఆదరాబాదరాగా ఇడ్లీ మింగబోయింది. పొలమారింది. ఊపిరాడక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు తెరవొద్దన్న సంగతే నాకు గుర్తు రాలేదు. గ్లాసు అందుకుని, "నీళ్ళు తాగండమ్మా, మెల్లగా," అన్నాను.

అతను తలెత్తాడు.

నా మొహం చూశాడు. ఫోన్ తీసి ఫోటో చూశాడు. మళ్ళీ నా మొహం చూశాడు. పెదవులు కదిలాయి. "కీ... కీ..." అని ఆగిపోయాడు. నేను అన్న వైపు తిరిగాను. అన్న చేతులు టేబుల్ మీద పెట్టాడు, పది వేళ్ళూ పరిచి.

"కాదు తమ్మీ," అన్నాడు. గొంతు చాలా తగ్గించాడు, తల్లికి వినబడకుండా. "గొంతు ఈ అమ్మాయిది. ఫోటో ఎవరిదో మాకు సుత తెల్వదు. రాసింది నేను. కీర్తన అని ఎవలు లేరు. మాది ఆఫీసు. పైసలకు రాస్తం. నీ కాళ్ళు మొక్కుత, నువ్వు మళ్ళ రాయకు."

అతను ఏదో అనబోయాడు. మాట బయటికి రాలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి. చివరికి ఫోన్‌లో టైపు చేసి అన్న ముందు పెట్టాడు. తెలుగులోనే రాశాడు. మా నాయన పోయిన పది దినాలు నాతోని మాట్లాడింది ఎవరు?

అన్న చదివాడు. "నేనే," అన్నాడు.

అతను అన్న చేతుల వైపు చాలాసేపు చూశాడు. నరాలు తేలిన, గోళ్ళు అరిగిన మగవాడి చేతులు. తల్లి మంచినీళ్ళు తాగి తేరుకుని, "ఏమంటుండు బిడ్డా మేనమామ?" అని అడిగింది.

అతను ఒక్కొక్క అక్షరమే లాక్కుంటూ చెప్పాడు. "పి... పిల్ల ఊర్ల లే... లేదంట అమ్మా."

"అయ్యో," అందామె. అంతే. కోపం కూడా రాలేదు ఆమెకి. లేచేటప్పుడు గాజులు మూడు సైజులూ నా చేతిలో పెట్టి, "ఆ పిల్ల వస్తే ఇయ్యి బిడ్డా. ఏది పడితే గది వేసుకుంటది," అంది. వద్దనడానికి నా దగ్గర గొంతు లేదు. తీసుకున్నాను. వాళ్ళు మెట్రో మెట్లు ఎక్కడం చూస్తూ నిలబడ్డాం. అన్న ఆ రోజు ఆఫీసుకి తిరిగి రాలేదు.

సోమవారం అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నాడు. నేను వెళ్ళేసరికి స్క్రీన్ మీద పసుపు కాగితం తీసేసి ఉంది. కీర్తనతో మాట్లాడే ప్రతి మనిషికీ ఒకే మెసేజ్ పంపుతున్నాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో కాదు, తెలుగులో. 'కీర్తన అనే అమ్మాయి లేదు. మీకు ఇన్నాళ్ళూ రాసింది నేను, యాభై ఏళ్ళు దాటిన మగవాణ్ణి. మీ ధనాన్ని, మనసును ఇక్కడ వృథా చేసుకోకండి. క్షమించండి.' ఒక్క ఒత్తు తప్పు లేదు. పంపిన ప్రతిసారీ పెదాలు కదిపి ఆ మనిషి పేరు చదువుకుంటున్నాడు.

గంటసేపు ఎవరూ గమనించలేదు. గమనించాక మేనేజర్ అరవలేదు. వెనక నుంచి వచ్చి వైరు పీకాడు. "మీ ఫోన్ ఇవ్వండి అన్నా. ఆ నోటుబుక్కు కూడా," అన్నాడు. అన్న ఇచ్చేశాడు. తన టిఫిన్ డబ్బా మాత్రం తీసుకున్నాడు. నా వైపు చూసి, "పోయొస్త చెల్లె," అన్నాడు. ఆ మొహంలో అంత నెమ్మది నేను అంతకు ముందు చూడలేదు.

ఆయన మెట్లు దిగిన పది నిమిషాలకి మేనేజర్ నన్ను పిలిచాడు. ఒక కాగితం ఇచ్చాడు. 'నేను కీర్తనని. మా అన్నయ్య నా ఫోన్ లాక్కుని పిచ్చి పిచ్చి మెసేజ్‌లు పెట్టాడు. నన్ను నమ్మండి. నేనున్నాను.' రికార్డు చేయమన్నాడు.

చేయనని అనొచ్చు. ఆయనలాగే లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియలేదు. ఇంటికి ఏం చెప్పాలో తెలియలేదు. భయపడ్డాను. మొదటిసారి చదివాను. "కొంచెం ఏడుపు ఉండాలండీ," అన్నాడు మేనేజర్. రెండోసారి చదివాను. మూడోసారికి నిజంగానే ఏడుపొచ్చింది. "సూపర్," అన్నాడు.

మధ్యాహ్నానికి దాదాపు అందరూ తిరిగొచ్చారు. నాకు తెలుసు, నాకు ముందే అనుమానమొచ్చింది, మీ అన్నయ్యని నేను చూసుకుంటాను అని రాశారు. నిజం ఒక గంట బతికింది. కీర్తనగా రాయడానికి కొత్తగా కూర్చున్న కుర్రాడు నోటుబుక్కు తిరగేస్తూ, "ఈవిడకి పంటినొప్పా?" అని నవ్వాడు.

సాయంత్రం జగిత్యాలాయన మెసేజ్ వచ్చింది. నేను ఆ కుర్రాడి వెనక నిలబడి చదివాను. 'నిన్న కలిసిన ఆ ముసలాయన, ఆ అమ్మాయి కలిసి నిన్ను దాచిపెట్టిండ్రని నాకు సమజైంది. ఆమె నీ గొంతు సుత దొంగిలించింది. అమ్మకు ఏం చెప్పలేదు. నువ్వు ఫికర్ చెయ్యకు. ఎన్ని దినాలైనా ఎదురుచూస్త.'

టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చుని, నోటితో చెప్పిన నిజం అది. అది కూడా నిలవలేదు.

ఆ నెలాఖరుకి నేను మానేశాను. జగిత్యాలాయన నంబరు నా దగ్గర లేదు, ఊరు తప్ప ఇంకేమీ తెలియదు. ఆఫీసు తర్వాత ఎక్కడికి మారిందో కూడా తెలియదు.

ఏడాది తర్వాత అమీర్‌పేటలో ఆ జిరాక్సు దుకాణంలో అన్న కనిపించాడు. ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలకి బయోడేటాలు టైపు చేస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. టీ తెప్పించాడు. ఇంట్లో ఎలా ఉన్నారన్నా అంటే బాగున్నరు అన్నాడు. నేను బ్యాంకుకి సంబంధించిన ఒక హెల్ప్‌లైన్‌లో చేస్తున్నానని చెప్పాను. "మంచిగైంది. నీ గొంతుకు మంచి పని దొరికింది," అన్నాడు.

ఆయన అడుగుతాడని నాకు తెలుసు. టీ సగం తాగాక అడిగాడు. కీబోర్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఆ పొద్దు నేను పంపినంక... వాళ్ళంత ఏమన్నరు చెల్లె?"

"తిట్టారన్నా," అన్నాను. "చాలామంది వెళ్ళిపోయారు."

"జగిత్యాల పిల్లగాడు? మళ్ళ రాసిండా?"

ఆ వాయిస్ నోట్ సంగతి చెబుదామనే ఆ సందులోకి వచ్చానేమో, ఏడాదిగా ఆయన్ని వెతుకుతున్నది అందుకేనేమో. నోరు తెరిచాను. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు, తుడవడం మర్చిపోయి.

"లేదన్నా," అన్నాను. "మళ్ళీ రాయలేదు. పెళ్ళి కుదిరిందని ఎవరో అన్నారు."

ఆయన ఊపిరి వదిలాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఒక్కడన్న బయటవడ్డడు చెల్లె," అన్నాడు. "ఒక్కడన్న."

అప్పటికి ఎవరో పిల్లవాడి బయోడేటా సగంలో ఉంది. అన్న మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాడు. ఒకసారి కూడా తిరిగి నా మొహం చూడలేదు. నా గొంతు విన్నాడు, నమ్మాడు.